పిచ్చేశ్వరరావు మాస్టారి ఆవు

పిచ్చేశ్వరరావు మాస్టారు ఆవు బొమ్మ గీస్తే, అది ఆవేనని పోల్చుకున్న మనిషి కృష్ణా జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. పోనీ ఆయన ఏ ధాన్యం వ్యాపారో అనుకుందామా అంటే, ముప్పై ఏళ్లు విశాఖ అవతల ఎక్కడో డ్రాయింగు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక సొంతూరు బందరు చేరినవారు! బొమ్మలతో, పాటలతో పాఠాలెలా చెప్పాలో టీచర్లకు నేర్పడానికి ఊరూరా తిరిగేవారు.

సునీత ఆయన్ని మొదట చూసింది అవనిగడ్డలో, వేసవి ట్రైనింగులో. ఆమె సముద్రం ఒడ్డున ఒక పల్లె బడిలో నాలుగో తరగతికి చెబుతుంది. భర్త పోయి అప్పటికి ఎనిమిది నెలలు. బడికి వెళ్లేది, పుస్తకంలో ఉన్నది బోర్డు మీదికి ఎక్కించేది, కుర్చీలో కూలబడేది. ఆమెను చూసి పిల్లలు కూడా గట్టిగా నవ్వడం మానేశారు.

మాస్టారు బోర్డు మీద ఏదో గీసి, చేతులు దులుపుకుని ఇటు తిరిగారు.

"ఇదేంటో చెప్పండి?"

"ఆటో అండీ," అంది ముందు వరసలోని మాధవి.

"దగ్గరికొచ్చారు!"

"కుట్టుమిషనా మాస్టారూ?" అన్నాడు వెంకట్.

"ఇంకా దగ్గరికొచ్చారు!"

ఇక ఎవరివల్లా కాక ఆయనే చెప్పారు. "ఆవండీ. పాలిస్తుంది."

"పాలా, డీజిలా?" అన్నాడు వెంకట్. హాలు గొల్లుమంది. "ముప్పై ఏళ్లు మిమ్మల్ని ఉద్యోగంలో ఎలా ఉంచారండీ?" అంటూ మాధవి ఉండబట్టలేక లేచి కొమ్ములు దిద్దింది. వెంకట్ తోక సరిచేశాడు. ఇంకొకరు గిట్టలు పెట్టారు.

మాస్టారు చివరి బెంచీ దాకా వచ్చి, సునీత ముందు సుద్దముక్క పెట్టారు. "అమ్మా, ఈ ఆవుని మీరే కాపాడాలి. కన్ను లేదు."

"నాకు రాదండీ."

"నాకు మాత్రం వచ్చా? చూస్తున్నారుగా!"

వెళ్లక తప్పలేదు. ఆమె కన్ను పెట్టగానే ఆవు ఆమెకేసే చూసినట్టయింది. ఎందుకో దుఃఖం తన్నుకొచ్చింది. పక్కనే ఉన్న మాస్టారు అది గమనించారు.

"సుద్దపొడి కళ్లల్లో పడుతోందయ్యా! ఫ్యాన్లు ఆపండి!" అని కేకేశారు.

మే నెల ఎండలో నలభైమందీ చెమటలు కక్కుతూ ఆయన్ని తిట్టుకున్నారు. ఆ గోలలో సునీతకేసి ఎవరూ చూడలేదు.

ఆఖరి రోజు ఒక ఆఫీసరుగారు వచ్చారు. మాస్టారు ఆయన బొమ్మ గీసి చేతిలో పెట్టారు. ఆఫీసరుగారు చాలాసేపు చూశారు. "గుమ్మడికాయకి కళ్లజోడు దేనికండీ?"

"దగ్గరికొచ్చారు సార్!"

బడి తెరిచాక సునీత భిన్నాల పాఠానికి పండుగప్ప చేప బొమ్మ గీసింది. నాలుగు ముక్కలు చేయమంటే, తల ముక్క ఎవరిదని తరగతిలో పెద్ద యుద్ధమే జరిగింది. చేపల వేటకెళ్లే ఇళ్ల పిల్లలు మరి! చాన్నాళ్లకు ఆమె నవ్వింది. ఫోటో పంపితే, మాస్టారు మెచ్చుకుంటూ తిరిగి ఒక బొమ్మ పంపారు. అదేమిటో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

మొన్న ఫిబ్రవరిలో టీచర్ల వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. మాస్టారు ముదినేపల్లి ట్రైనింగుకి బయల్దేరి, గుడివాడ బస్టాండులో బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. ఆ రోజు సునీత బోర్డు మీద తేదీ కూడా వేయలేకపోయింది.

పెద్దకర్మ నాడు బందరు వెళ్లింది. ముందు గదిలో గోడకి బొగ్గుతో గీసిన బొమ్మ ఒకటి ఉంది. ఒక ముసలావిడ చేటతో బియ్యం చెరుగుతోంది. ఊక మన మొహం మీదికే ఎగిరొస్తున్నట్టుంది.

"ఎవరు గీశారండీ?"

"ఆవిడ మా అత్తగారమ్మా. ఆయనే గీశారు," అంది మాస్టారి భార్య రాజ్యలక్ష్మి.

సునీత బొమ్మకు ఇంకాస్త దగ్గరగా వెళ్లి చూసింది. "మరి... మా దగ్గర అలా..."

"విశాఖ వైపు ఉద్యోగంలో ఉండగా మొట్టమొదటి ట్రైనింగులో బాగానే గీశారు. అందరూ చప్పట్లు కొట్టి, చేతులు కట్టుకు కూర్చున్నారట. ఒక్కరూ సుద్దముక్క ముట్టుకోలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేదా వేళ. 'నా చెయ్యి చూసి వాళ్లు జడుసుకున్నారే' అన్నారు. మర్నాటి నుంచి చెడగొట్టడం సాధన చేశారు. నెల పట్టింది."

"చెడగొట్టడానికి నెలా?"

"వచ్చిన విద్యను పోగొట్టుకోవడం తేలికా అమ్మా?"

ఆవిడ బీరువాలోంచి ఒక పాత నోటుబుక్కు తీసిచ్చింది. మొదటి పేజీలో ఆవు, ముట్టె మీద తడి కూడా కనిపిస్తోంది. ఐదో పేజీలో కాళ్లు వంకరపోయాయి. పన్నెండులో పొట్ట పక్కకి జారింది. ప్రతి బొమ్మ కిందా తేదీ, తనకు తానే రాసుకున్న చీవాట్లు: 'ఇంకా ఆవులాగే ఉంది. సిగ్గుండాలి.' ఇరవై ఆరో పేజీలో ఎర్ర సిరాతో: 'పాలవాడు గేదె అన్నాడు. మెరుగు.'

సునీత పెదవి కొరుక్కుంది. ఆగలేదు. కర్మ ఇంట్లో, అంతమంది చుట్టాల మధ్య, కళ్లవెంట నీళ్లు కారుతుండగా ఫక్కున నవ్వేసింది. వరండాలోంచి కాంతారావు అనే పెద్దాయన చిరాగ్గా తొంగిచూశాడు.

"ఏంటమ్మా ఇది, చావింట్లో?"

"నవ్వనివ్వండి అన్నయ్యగారూ," అంది రాజ్యలక్ష్మి, చాప మీద సునీత పక్కనే చతికిలబడుతూ. "పదకొండు రోజులైంది, ఈ ఇంట్లో ఎవరైనా నవ్వి."

ఆ మాటంటూనే ఆవిడ పేజీ తిప్పింది.