కాళ్లతో విన్న పాట

ఇబ్రహీంపట్నంలో మా చిన్న చర్చిలో ఆదివారాలు నేను బేస్ గిటార్ వాయిస్తాను. గిటారు, దాని పాతకాలపు స్పీకరు పెట్టె రెండూ మా బాపువి. ఒకప్పుడు పెళ్లి బ్యాండులో వాయించిన మనిషి, ఇప్పుడు చెక్క వేదిక మీద నా పక్కనే కుర్చీలో కూర్చుంటాడు.

పోయిన క్రిస్మస్‌కు ముందు, వాయిద్యానికి పిల్లల కాళ్లు తగలకూడదని ఆ పెట్టెను వేదిక మీంచి తీసి గోడవార సిమెంటు గట్టు మీద పెట్టాను. ఆ రోజు నుంచి బాపుది ఒకటే గొడవ.

"సౌండు వస్తలేదు బిడ్డా. జర పెంచు."

ఎంత పెంచినా అదే మాట. విసుగొచ్చి పెద్ద యాంప్లిఫయర్ అడిగి తెచ్చి, పండగ ఉదయం తగిలించాను. మొదటి పాట మధ్యలో పూర్తిగా పెంచేసరికి పెట్టె ఢామ్మని అరిచి మూగబోయింది. పసిపిల్లలు ఏడుపందుకున్నారు. పాట ఆగిపోయింది. అందరూ చెవులు మూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. బాపు మాత్రం ఉలిక్కిపడలేదు.

"ఎందుకు ఆపిన్రు?" అన్నాడు.

ఇంటికొచ్చాక చెవి దగ్గర గట్టిగా అడిగితే తల దించుకున్నాడు. "చెవులు పోయి ఏడాదైతుంది బిడ్డా. పెట్టె చెక్కల మీదున్నప్పుడు కాళ్లకు అదురు తెలుస్తుండె."

స్పీకరు బాగుచేయించి పెట్టెను మళ్లీ వేదిక మీదే పెట్టాను. సౌండు తక్కువే ఉంచుతాను. బాపు రెండు పాదాలూ దానికి ఆనించి కూర్చుంటాడు. వాయిద్యానికి కాళ్లు తగలకూడదని ఇప్పుడు నేనెవరికీ చెప్పడం లేదు.