కుడా, ఎడమా

నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా ఏ స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్ మొరాయించినా ఫోను నాకే వస్తుంది. మెదడు బొమ్మలు స్క్రీన్ మీద సరిగ్గా కనపడేలా చూడటం నా ఉద్యోగం. బొమ్మ నల్లగా వస్తోందని గోల పెడతారు. వెళ్లి చూస్తే ఎవరో వెలుతురు పూర్తిగా తగ్గించేసి ఉంటారు. బొమ్మ సాగిపోయిందంటారు. చూస్తే ఇంట్లో మూలపడ్డ పాత మానిటర్ తెచ్చి తగిలించి ఉంటారు. చదువుకున్నవాళ్ల దగ్గర నాకు ఓపిక తక్కువ. చదువు లేనివాళ్లు కనీసం ఏదీ ముట్టుకోరు.

చిక్కడపల్లిలో మార్కెట్ వెనక సందులో ఒక డాక్టరుగారి సెంటర్ ఉండేది. స్కాన్ తీసేది ఆయన మనుషులే, బొమ్మ చూసి రిపోర్టు చెప్పేది ఆయనే. కౌంటర్లో ఆయన భార్య కూర్చునేది. బొమ్మ చదవడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడనేవారు, అది నేనూ ఒప్పుకుంటాను. నోరు మాత్రం మంచిది కాదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తలనొప్పని వచ్చేవారు. "నీ తలల ఏం లేదు బిడ్డా. అందుకే సర్కారు నౌకరి వస్తలేదు," అని ఆయన ఒక్కడే నవ్వేవాడు.

ఒకసారి నేను ఆయన బల్ల కింద దూరి కేబుల్ బిగిస్తుండగా రాంనగర్ నుంచి ఒక ముసలాయన, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. స్కాన్ ఆయనది. "అంతా మంచిగనే ఉన్నదా సారూ?" అని ఆవిడ అడిగింది.

"మంచిగుంటే నా దగ్గరికి ఎందుకొస్తరమ్మా? గడ్డ బాగా పెద్దగైంది. ఇగ దవాఖానల చుట్టు తిప్పకు. తిన్నన్ని రోజులు తినిపియ్యి," అన్నాడు డాక్టరు, ఆ ముసలాయన ముందే.

ముసలాయన నవ్వబోయి ఆగిపోయాడు. నేను బల్ల కిందే ఉండిపోయాను. కోపంలో స్క్రూ వంకరగా బిగించేశాను.

భార్యతో కూడా ఆయనది అదే ధోరణి. గది తలుపు తీసి, బెంచీల మీద కూర్చున్న జనమంతా వింటుండగా "అకల్ ఉన్నదా, బుద్ధి ఉన్నదా నీకు?" అని అరిచేవాడు. ఆమె తలెత్తేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఫోను చేశాడు. "స్క్రీన్ మీద మచ్చ వస్తున్నది. జల్ది రా."

వెళ్లేసరికి సెంటర్లో జనం లేరు. ఆమె కౌంటర్ దగ్గర ఏవో కవర్లు సర్దుకుంటోంది. లోపల గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. స్క్రీన్ మీద ఒక మెదడు బొమ్మ, అందులో మనకు కుడిపక్కన, ముందువైపు తెల్లగా ఒక మచ్చ. మూలన ఉండాల్సిన రోగి పేరు, వయసు కనపడలేదు. ఎవరిదని అడిగాను.

"ఎవరిదైతే నీకెందుకు? పని చూడు."

మచ్చ స్క్రీన్ మీద ఉందా, బొమ్మలో ఉందా అని తేల్చడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. మౌస్‌తో బొమ్మను పక్కకు జరపాలి. స్క్రీన్‌ది తప్పయితే మచ్చ ఉన్నచోటే ఉంటుంది. నేను జరిపాను. మచ్చ బొమ్మతోపాటే జరిగింది.

"స్క్రీన్ మంచిగుంది సార్. మచ్చ ఆ మనిషి తలలనే ఉంది."

"నిన్ను అడిగిన్నా? కేబుల్ మార్చు."

మార్చాను, మచ్చ పోలేదు. పక్కగదిలోంచి ఇంకో మానిటర్ మోసుకొచ్చి పెట్టాను. అందులో ఇంకా స్పష్టంగా కనిపించింది. "ఏం మెకానిక్‌విరా నువ్వు? ఒక్క మచ్చ తీస్తానికి చాతనైతలేదు," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి మచ్చలు చూసే ఇంత పేరు తెచ్చుకున్న మనిషి ఈ ఒక్కదాని ముందు ఎందుకింత మొండికేస్తున్నాడో అర్థం కాలేదు.

గొంతు తగ్గించి, "ఎడమ కుడి తారుమారైందేమో చూడు," అన్నాడు.

అది అడగాల్సిన ప్రశ్నే. ఈ బొమ్మల్లో రోగి మనకు ఎదురుగా ఉన్నట్టు లెక్క. మన కుడి అతనికి ఎడమ. ఎవరైనా పొరపాటున ఒక బటన్ నొక్కితే బొమ్మ తిరగబడుతుంది, ఎడమది కుడి అవుతుంది. చాలామందికి మాటను నడిపే చోటు మెదడులో ఎడమపక్కనే ఉంటుంది. కాబట్టి మచ్చ ఏ పక్కనుందన్నది మనిషికి చిన్న విషయం కాదు. అది తెలియడానికి బొమ్మ అంచున ఒక అక్షరం వేసి ఉంటుంది. ఇక్కడ ఆ అక్షరం కూడా లేదు. స్క్రీన్ మీది రాతనంతా ఎవరో ఆపేశారు.

"రాత ఆన్ చెయ్యాలె సార్. పేరుతో కలిసే వస్తది."

"పేరు వద్దు. పక్క ఒక్కటే చెప్పు."

"కుదరదు సార్. వస్తే అన్నీ వస్తయి, లేకుంటే ఏదీ రాదు."

ఏసీ గదిలో ఆయన మెడ మీద చెమట కనిపించింది. చివరికి "ఆన్ చెయ్యి," అన్నాడు.

అప్పుడే ఆమె నాకు చాయ్ తీసుకుని లోపలికి వచ్చింది. నేను బటన్ నొక్కాను. అంచున అక్షరం వచ్చింది. బొమ్మ తిరగబడలేదు, మచ్చ రోగికి ఎడమపక్కనే ఉంది. మూలన పేరు వచ్చింది. డాక్టరుగారి పేరు.

ఆమె చదివింది. ఏళ్ల తరబడి కౌంటర్లో రిపోర్టులు అందించిన మనిషి. ఆ తెల్లమచ్చ ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చాయ్ బల్ల మీద పెట్టింది.

"కంప్యూటర్ ఖరాబైంది. వీడు చేస్తుండు," అన్నాడాయన, ఆమె కేసి చూడకుండా.

ఆమె నావైపు తిరిగింది. "నిజమేనా అన్నా? కంప్యూటర్‌దేనా తప్పు?"

ఆయన నన్ను చూశాడు. అంత నోరున్న మనిషి కళ్లతో బతిమాలుతున్నాడు. ఒక్క అబద్ధం ఆడితే వాళ్లకు ఆ ఆదివారమైనా గడిచేది. రాంనగర్ ముసలాయన మొహం నాకు గుర్తుకొచ్చింది.

"కంప్యూటర్ మంచిగుంది మేడమ్," అన్నాను. అన్నందుకు నాకు సంతోషం కలిగింది, దాచుకోను.

ఆమె ఏడవలేదు. రోగుల కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "అందరికి చెప్తరు గదా. నాకు గూడ చెప్పండి."

నేను సంచీ సర్దుకుంటున్నాను. ఆయన చెప్పాడు. మౌస్ పట్టుకుని బొమ్మలు ఒక్కొక్కటే కదుపుతూ, ఎంత పెద్దదో, ఎటు పాకుతోందో, కోసినా ఎందుకు లాభం లేదో, ఇంకెవరి గురించో చెప్పినట్టే చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. చివరికొచ్చేసరికి మౌస్ వదిలేశాడు.

"ముందుగాల నాకు మాట పోతది," అన్నాడు.

ఆమె స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పలేదు.

"పోనియ్యండి," అంది.