పొడవైన వేణువు

మా జానపద బృందానికి మైకు ఉండదు. హార్మోనియం, డోలక్, తాళాలు, నా వెదురు వేణువు. వీటన్నిటినీ దాటి వినిపించేలా పాడేది డెబ్బై దాటిన మా పెద్దాయన ఒక్కరే. పడవ పాటలు, నాట్ల పాటలు ఆయనవే. శ్రుతి దించాల్సిన రోజు వస్తే పాట మానేస్తానని ఎప్పుడూ అంటుండేవారు.

ఈమధ్య పై స్వరాల దగ్గర ఆయన గొంతు పట్టేస్తోంది. హార్మోనియం మేస్టారు ఆయనకు చెప్పకుండానే ఒక మెట్టు శ్రుతి దించి వాయిస్తున్నారు. హార్మోనియంలో అది చూసేవాళ్లకు తెలియదు. వేణువు శ్రుతి మాత్రం దాని పొడవును బట్టి ఉంటుంది; పొడవు పెరిగితే శ్రుతి దిగుతుంది. అందుకని నేను కాస్త పొడవైనది కొన్నాను.

మొన్న ద్రాక్షారామంలో పాటకు కూర్చున్నాక ఆయన నా చేతి వైపు చూశారు.

"ఏంటండి బాబూ, వేణువు పొడుగెదిగింది?"

"పాతది పగిలిపోయిందండి."

"మరి సంచిలోంచి తొంగిచూస్తున్నదేంటండి?"

నేను సంచిని వెనక్కి జరిపాను. మేస్టారు తల వంచుకుని హార్మోనియం తిత్తి సరిచేసుకుంటున్నారు. పెద్దాయన ఇక లేచిపోతారనుకున్నాను.

"ఇంకాస్త పొడుగుది కూడా చూసుంచండి. వచ్చే ఏడు కావాలి," అని ఆయన పాట ఎత్తుకున్నారు.