బుగ్గలు నొక్కిన మాస్టారు

ఖతర్‌లో షేక్ గారి ఎదుట ట్రంపెట్ ఊదానని మా జగిత్యాలలో చెబుతుంటాను. వినేవాళ్లు చాయ్ కూడా తాగిస్తారు. అసలు జరిగింది అల్ ఖోర్ నుంచి దోహా వెళ్లే బస్సులో. షేకూ లేడు, దర్బారూ లేదు.

రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంట్లు లేస్తున్న రోజులవి. నేనక్కడ హెల్పర్‌ని. బస్సులో నా పక్కన ట్రంపెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఓ హైదరాబాదీ పెద్దమనిషి కూర్చున్నాడు. బడిపిల్లలకు బ్యాండ్ నేర్పే మాస్టారట. నేను ఊరుకుంటానా!

"నేను గూడ పెద్ద ప్లేయర్‌నే సాబ్. మా జిల్లాల నా అంతటోడు లేడు" అన్నాను. నిజానికి పెళ్లి బ్యాండులో వెనక వరసవాణ్ని. ఖతర్ వచ్చాక ట్రంపెట్ ముట్టనే లేదు.

ఆయన పెట్టె తెరిచి, పెదవులకు ఆనించే మౌత్‌పీస్ ఒక్కటే తీసి తుడిచి ఇచ్చాడు. "ఊదు భాయ్, వింట."

బరాత్‌లో ఊదినట్టే బుగ్గలు బూరెల్లా ఉబ్బించి ఊదాను. బస్సంతా నవ్వింది. బస్సంతా ఏమిటిలెండి, వెనక సీటువాళ్లు. మాస్టారు నవ్వలేదు. రెండు వేళ్లతో నా బుగ్గలు లోపలికి నొక్కి, "మల్ల ఊదు" అన్నాడు. ఈసారి నాదం సన్నగా, తిన్నగా వచ్చింది.

"బరాత్‌ల నేర్చినవ్ గదా? నేను గూడ గాడనే నేర్చిన. గీ బుగ్గలు దించనీకి నాకు ఏండ్లు వట్టింది. నీకు గిప్పుడే దిగినయ్."

దోహా మన్సూరాలో దిగి నాకు చెయ్యి ఊపాడు. ఎదురొచ్చిన ఆయన స్నేహితుడు నావైపు చూసి ఎవరని అడిగాడు.

"మనోడే, ట్రంపెట్ ప్లేయర్" అన్నాడు మాస్టారు, కిటికీ దాకా వినపడేలా.

సిమెంటు మరకల డ్రెస్సులోనే నేను నిటారుగా కూర్చున్నాను.