బడి వేళలో బయటికి వెళ్తున్నారు

పదకొండేళ్లుగా ఒక వాక్యం నా గొంతులో చేప ముల్లులా అడ్డం పడి ఉంది. నేను రాసిన వాక్యమే. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అదే దాని విషం. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు, నేను తిట్లు తిని తేలికపడేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నన్ను ఓదార్చాలనిపిస్తే ఇక్కడే చదవడం ఆపేయండి.

నేను ఐదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. ఏలూరు రైస్ మిల్లులో బస్తాల మీద మార్కులు వేస్తూ, పొట్లాం కాగితాలు చదువుతూ చదువు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. ఈ మాట చెప్పుకున్నన్నిసార్లు నా పేరు కూడా చెప్పుకోలేదు. మనవరాలు మునిసిపల్ హైస్కూల్లో చదివే రోజుల్లో నన్ను తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ని చేశారు.

ఆ ఏడాది పై ఆఫీసు వాళ్లకి కొత్త ఆలోచన వచ్చింది. సర్వీసు లెక్కన హెడ్మాస్టర్ కుర్చీ ఇచ్చేయకుండా, కొందరు టీచర్లని ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, తలా ఒక బడిని కొన్ని నెలలు ఇన్‌చార్జిగా నడపమన్నారు. నడిపిన తీరు చూసి పోస్టింగ్. చివర్లో కమిటీ చైర్మన్ ఒక పరిశీలన పత్రం నింపాలి. ఆ పత్రంలో ప్రశ్నలన్నీ వేళల గురించే. పిల్లల గురించి ఒక్కటీ లేదు. అది తయారుచేసిన వాళ్ల మీద నాకిప్పటికీ మంటే. కాని కలం పట్టుకున్నది వాళ్లు కాదు.

మా బడికి వచ్చినావిడది పెదపాడు వైపు. పేరు రాయను. ఆ పేరుకి నేను చేసింది చాలు. మా పిల్లల్లో చాలామంది చేపల కూలీల పిల్లలు. కైకలూరు వైపు చెరువుల్లో చేపల పట్టుబడి ఉందంటే తెల్లారగానే అమ్మానాన్నలతో ఆటో ఎక్కేవారు. చేపలు ఏరి, ఐసు పెట్టెల్లో సర్ది, పదిన్నరకి తిరిగొచ్చేవారు. అప్పటికి గేటుకి తాళం. తాళం చూసి ఇంటికి పోయేవారు. కొన్నాళ్లకి బడే మానేసేవారు. ఆవిడ వచ్చిన రెండో వారానికే ఆ తాళం తీయించారు. అప్పటికీ రాని పిల్లల పేర్లు చీటీ మీద రాసుకుని, తానే వాళ్ల కాలనీకి నడిచి వెళ్లేవారు.

నాకు నచ్చలేదు. కమిటీ మీటింగులో క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఇచ్చాను. వెనక్కి పంపితేనే రేపు వేళకి వస్తారన్నాను. ఎవరూ పిలవకుండానే నేను చదువుకున్నానన్నాను. అంతా విని ఆవిడ మెల్లగా అడిగారు.

"మీరు బడి మానేసినప్పుడు మిమ్మల్ని పిలవడానికి ఎవరూ రాలేదాండీ, చైర్మన్ గారూ?"

"రాలేదమ్మా. రాకపోతే ఏవైంది? నేను పైకి రాలేదా?"

ఆటో నడిపే మెంబరొకడు అందుకున్నాడు. "వచ్చే ఉంటారండీ. ఈయన ఉపన్యాసం విని పారిపోయుంటారు."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఎవరో ఒకరు రావాల్సిందండీ," అన్నారు.

నవ్విన వాళ్లని ఆ సాయంత్రానికే మరిచిపోయాను. నవ్వనావిడని మరవలేదు. ఎందుకని? నా గర్వమంతా ఒకే మాట మీద కట్టుకున్నాను, నా కోసం ఎవరూ రాలేదన్న మాట మీద. ఆవిడ దాన్ని చూసి జాలిపడ్డారు.

ఒకరోజు తప్పు పట్టుకుందామని ఆవిడ వెనకే వెళ్లాను. కాలనీ కుళాయి దగ్గర ఆవిడ ఒక పిల్ల చేతులకంటిన చేప పొలుసులు కడుగుతున్నారు. నా మనవరాలి పక్కన కూర్చునే పిల్లే. కడిగి, కొంగుతో తుడిచి, చెయ్యి పట్టుకుని బడి దారి పట్టారు. గోడ పక్క నిలబడి చూశాను. సిగ్గేసిందా? లేదు. ఈర్ష్య వేసింది. అరవై దాటిన మనిషికి పన్నెండేళ్ల పిల్ల మీద ఈర్ష్య.

పత్రం వచ్చింది. పని వేళల్లో అందుబాటులో ఉంటున్నారా అని ప్రశ్న. "లేదు. తరచుగా బడి వేళలో బయటికి వెళ్తున్నారు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. కింద 'ఇతర విషయాలు' అని మూడు గీతలు. ఎక్కడికి వెళ్తున్నారో రాయడానికి అవి ఎక్కువే. కలం అక్కడ కాసేపు ఆగింది. ఆగిందని చెప్పి తీరాలి, లేకపోతే తెలియక చేశానని రేపు నాకు నేనే చెప్పుకుంటాను. గీతలు ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.

ఆవిడకి కుర్చీ రాలేదు. వచ్చినాయన వేళకి వచ్చేవాడు, వేళకి పోయేవాడు. నా పత్రానికి అతికినట్టు సరిపోయే మనిషి. గేటుకి మళ్లీ తాళం పడింది. కుళాయి దగ్గరి పిల్ల దసరా సెలవుల తర్వాత రాలేదు, చెరువుల దగ్గరే ఉంటోందని మనవరాలు చెప్పింది.

ఊరు వదిలే ముందు ఆవిడ మా ఇంటికి వచ్చారు. పత్రంలో నేనేం రాశానో ఆవిడకి చెప్పలేదు ఆఫీసువాళ్లు. కమిటీలో కాగితాలు చదివే మనిషి మీరొక్కరే, గేటు సంగతి కొత్తాయనతో మాట్లాడండి అని అడిగి, నమస్కారం పెట్టి వెళ్లారు. సరేనన్నాను. మాట్లాడలేదు.

తాడేపల్లిగూడెంలో ఉంటున్నారని తెలిసి ఒకసారి బస్సెక్కాను. స్టాండులో దిగి, టీ తాగి, తిరుగు బస్సెక్కాను.

మొన్న కొత్త హెడ్మాస్టర్లకి శిక్షణ అంటూ పాత చైర్మన్లని కూడా పిలిచారు. ఒక కుర్ర ఆఫీసరు తెర మీద బొమ్మలు వేసి చెబుతున్నాడు. రాని పిల్లల ఇళ్లకి హెడ్మాస్టరే స్వయంగా వెళ్లాలట. అందరూ బుద్ధిగా రాసుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది చేసినావిడ ఈ ఊళ్లోనే ఉండేవారు, మీ పత్రమే ఆవిణ్ణి గెంటేసింది అని నిలదీద్దామని లేచాను. మీ పత్రం అన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పత్రానికి చేతులు లేవు కదా. కూర్చున్నాను. చివర్లో పెద్దవాణ్ణని శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

అది కుర్చీ మీద వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఇది రాస్తున్నాను. క్షమించమని ఎవర్నీ అడగను. ఆవిణ్ణి అసలే అడగను, అడిగితే క్షమించేస్తారు. ఆనాడు వదిలేసిన మూడు గీతలు మాత్రం నింపుతాను.

ఆవిడ వెళ్లింది రాని పిల్లల కోసం.

నేను కళ్లారా చూశాను.

చూసి, రాయలేదు.