మొదటి కట్ట

గుమ్మం పైన వేలాడే కొత్త వరి కట్ట మీద అప్పుడే ఎర్రదుమ్ము పేరుకుంది. ఈ ఇనుప ఖనిజం గని ఊళ్ళో ఏదీ రెండు రోజులకు మించి అసలు రంగులో ఉండదు. గుడ్డతో దులిపితే కంకుల్లోంచి గడ్డి వాసన లేచింది. ముత్తయ్య గుర్తొచ్చాడు.

మా తాత గోదావరి దాటి వచ్చి దోర్నపాల్ దగ్గర అడవి కొట్టించి పొలం చేశాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆదివాసుల భూమి బయటివాళ్ళ పేరున ఎక్కదు. అందుకని పట్టా దోర్ల తెగ రైతు ముత్తయ్య కుటుంబం పేరునే ఉండిపోయింది. దున్నేది అతను, దొరలం మేము. ప్రతి కోతకీ మొదటి కట్ట తెచ్చి మా అరుగు మీద పెట్టేవాడు. నాన్న కుర్చీలోంచి లేవకుండా తల ఊపేవాడు.

నాన్న పోయేనాటికి మాకు మిగిలింది ఆ పొలమే. అదీ దక్కకపోతే గనిలో గుమాస్తాగా చేరాలి. మా వంశంలో ఎవరూ ఇంకొకరి కింద పని చేయలేదు. పొలం మాదేనని ముత్తయ్య ఒక్క మాట చెబితే చాలు, సాగు లెక్కలో నా పేరు ఎక్కుతుందని నమ్మి, భూమి లెక్కలు రాసే పట్వారీని పొలానికి పిలిపించాను.

"ఖేత్ కిస్కా హై?" అని హిందీలో, పొలం ఎవరిదని అడిగాడు పట్వారీ.

ముత్తయ్య నా వైపు చూడలేదు. "మేరా" అన్నాడు, నాదేనని.

పట్వారీ వెళ్ళాక, "మా అన్నం తిని ఇంత మాటా?" అన్నాను.

"మీ అన్నమేంది చిన్నదొరా, పండిచ్చింది నేనైతే? ఇన్నేండ్లు ఎవలూ అడగలే. ఇయ్యాల అడిగిండు, చెప్పిన."

నేను గనిలో చేరాను. ఆ ఏడు కోతలయ్యాక రెండు బస్సులు మారి, చంకలో కట్టతో ముత్తయ్య నా క్వార్టర్‌కి వచ్చాడు. కుర్చీలోంచి కదలకుండానే అడిగాను: "పొలం నీదేగా. ఇంకా ఈ శిస్తెందుకు?"

పకపకా నవ్వాడు. "శిస్తా! ఇన్నేండ్లు గట్లనుకున్నరా? అడివి కొట్టినప్పుడు రంపానికి ఓ దిక్కు మా నాయిన, ఓ దిక్కు మీ తాత. కలిసి కొట్టినోళ్ళు మొదటి కట్ట పంచుకోవాలె. అది మా రివాజు. మీ నాయిన కుర్చీల కూసోని తీసుకుంటుంటే, దొరలు గట్లనే తీసుకుంటరేమో అనుకున్న."

తాత రంపం పట్టాడని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. లేచి నిలబడ్డాను కాని, కుర్చీ చూపించి కూర్చోమనడానికి నోరు రాలేదు. అతను గడప పక్కన నేల మీదే కూర్చుని టీ తాగి, బస్సుకు వేళైందని వెళ్ళిపోయాడు. మరుసటి కోత చూడకుండానే పోయాడు.

ఇప్పుడు కట్ట తెచ్చేది అతని కొడుకు కన్నయ్య. మొన్న వచ్చినప్పుడు బయట వేసి ఉన్న కుర్చీ చూసి ఆగాడు.

"ఎవలన్న వస్తున్నరా సార్?"

"మీ నాయనకి వేయాల్సింది," అన్నాను. "నువ్వు కూర్చో."