పెదనాయన పోసిన చెంబుడు నీళ్ళు

పోయిన మంగళవారం నేను పాత ఫ్రెంచి వీధులున్న వైట్ టౌన్‌లో మా గెస్ట్‌హౌస్ కౌంటర్లో ఉండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఒక పెద్దాయన చొక్కా జేబులో మీ నంబరుంది, మీరేమవుతారు అని నర్సు తమిళంలో అడిగింది. నెల్లితోపులో మా పక్కింటి పెదనాయన. రక్తసంబంధం లేదు, ఇరవయ్యేళ్ళు గోడకు గోడ. కూతురినని చెప్పేశాను. ఆదివారం చేరాడట, మంగళవారం తెల్లవారుజామున పోయాడట. తలుపుకు తాళం చూసి, కారైక్కాల్లో పనికి వెళ్ళుంటాడులే అనుకున్నదాన్ని నేను. చేరిన సంగతైనా నాకు తెలియకపోయె! ఆ మాటే నన్ను కోస్తోంది.

పెదనాయన కొళాయిల పని చేసేవాడు. గోడకు చెవి ఆనించి గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పేసేవాడు. "గాలికి దోవియ్యమ్మణ్ణీ, నీళ్ళు వాటంతట అవే పోతాయి" అనేవాడు. ఇంట్లో ఎవరైనా అలిగి మూల కూర్చున్నా అదే మాట.

పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన పనికి బయల్దేరే వేళకు నిండు చెంబుతో వీధిలోంచి ఎదురొచ్చేది. బయటికెళ్ళే మనిషికి ఖాళీ బిందె ఎదురు కాకూడదని ఆ ఇంటి పట్టింపు. ఆమె పోయాక ఎదురొచ్చేవాళ్ళు లేరు. గడపలో ఒక్క నిమిషం నిలబడి వీధి వంక చూసి, ఆ తర్వాత సైకిలెక్కేవాడు. పిల్లలు లేరు.

నాలుగేళ్ళ కిందట ఫ్రాన్సు నుంచి ఒకావిడ, అరవై దాటిన మనిషి, ఇల్లులాంటి వ్యానేసుకుని ఒంటరిగా వచ్చింది. అందులోనే మంచం, పొయ్యి, స్నానాల గది. మా గెస్ట్‌హౌస్ పక్క సందులో ఆపుకుని నెలల తరబడి ఉంది. కార్తీకంలో తిరుగు ప్రయాణం. దారిలో కొండలు, మంచు. వ్యాన్లో నీళ్ళు పూర్తిగా తీసేసే మనిషి కావాలంది. పెదనాయనను పిలిపించాను.

ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. "గొట్టంలో నీళ్ళు గడ్డ కట్టేదేంది? పైగా గొట్టం పగిలేదేంది? యాడన్నా ఉందా ఈ కత!" నేను ఒక గాజు సీసా నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, వంటింటి ఫ్రీజర్లో పెట్టాను. మర్నాడు తీస్తే నిలువునా చీలి ఉంది. పెదనాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వలేదు. "అయ్యో, ఆయమ్మ అట్టాంటి సోటికి ఒక్కతే పోతాందా?" అన్నాడు.

ఆ రోజంతా వ్యాను కిందే ఉన్నాడు. ముందు అడుగున ఉన్న బిరడా తీశాడు, తర్వాత పైన కొళాయిలన్నీ తెరిచాడు, వేన్నీళ్ళవీ చన్నీళ్ళవీ. వేన్నీళ్ళ డబ్బా వంచాడు. సైకిల్ పంపుకు ట్యూబు ముక్క తగిలించి ఒక్కో గొట్టంలోకి గాలి కొట్టి, చివర అరచెయ్యి పెట్టి తడి తగులుతుందేమో చూశాడు. "సుక్క లేదు" అని బిరడా బిగించాడు.

మర్నాడు పొద్దున ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. పెదనాయన నా వైపు తిరిగాడు. "ఇంటి నిండా ఖాళీ ఏనాలు, బిందెలతో పంపిస్తామా అమ్మణ్ణీ? ఆడకూతురు, ఒక్కతే." నాకూ అలాగే తోచింది. పరుగున పోయి లోపల్నుంచి చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది నేనే. వ్యాను పక్కనున్న ట్యాంకు మూత తీసి, దండం పెట్టి, అన్నీ పోసేశాడు. ఆవిడ అద్దంలోంచి చూసి ఏదో పూజ అనుకుంది కాబోలు, చెయ్యూపింది.

మూడోనాడు మధ్యాహ్నం ఆయన గెస్ట్‌హౌస్‌కు వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఆయమ్మ అలవాటుకొద్దీ కొళాయి తిప్పితే ఆ చెంబుడు నీళ్ళూ వ్యాన్లోని పంపులోకి ఎక్కుతాయి గదమ్మణ్ణీ, ఆడ గడ్డ కడితే?"

సీసా చీలడం ఇద్దరం చూశాం. చూసి కూడా పోశాం. ఏ తల్లి బిడ్డో, ఆ మంచు కొండల్లో పంపు పగిలి వ్యాను తడిసిపోతే ఎవరిని పిలుచుకుంటుంది?

వ్యాను ఆపుకోవడానికి వచ్చినప్పుడు రిజిస్టర్లో రాయించిన ఆవిడ ఈమెయిల్ ఉంటే బ్రౌజింగ్ సెంటర్‌కు పోయి రాశాను. ట్యాంకులో నీళ్ళున్నాయి, తీసేయండి, క్షమించండి అని. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. సాయంత్రం నేను ఇంటికి రాగానే గోడ మీంచి ఆయన గొంతు: "వచ్చినాదా?" "ఇంకా లేదు పెదనాయనా." నెలలు, ఏళ్ళు. పోనుపోనూ ఆయన అడగడం మానేసి, నా మొహం చూసి లోపలికి పోయేవాడు. వచ్చింది, క్షేమంగా చేరిందట అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే నా సొమ్మేం పోయేది? అబద్ధమాడని గొప్ప నాకెందుకు?

అప్పట్నుంచీ ఆయనకో అలవాటు పట్టింది. రెండు రోజులు ఊరెళ్ళినా తన ఇంట్లో నీళ్ళన్నీ తీసేసేవాడు. "మన ఊళ్ళో మంచు కురుస్తుందా పెదనాయనా?" అని ఆటపట్టిస్తే, "తిరిగొచ్చి పోసుకుంటాలే" అనేవాడు.

దహనమయ్యాక నా దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాను. కొళాయిలన్నీ తెరిచి ఉన్నాయి. ఒక్కదాంట్లోంచీ చుక్క రాలేదు. మేడ మీద ట్యాంకు తుడిచి బోర్లించి ఉంది. కుండ, బిందె, బకెట్ అన్నీ ఎండి ఉన్నాయి. ఆదివారం పొద్దున, ఒంట్లో ఆ బాధ పెట్టుకుని, ఎంతసేపు చేశాడో ఇదంతా. పక్కనే ఉన్న నన్ను ఒక్క కేక వేయలేదు.

తలుపు వేద్దామని గడపలోకి వచ్చి వీధి వైపు తిరిగాను. ఎదురుగా ప్రహరీ గోడ మీద, పెద్దమ్మ ఎప్పుడూ ఎదురొచ్చే వైపున, వచ్చేటప్పుడు నేను చూడని ఇత్తడి చెంబు. బయటికొచ్చే మనిషికి సరిగ్గా ఎదురు పడేట్టు పెట్టి ఉంది. మూడు రోజుల ఎండకు వేలెడు తగ్గాయేమో గాని, నీళ్ళు ఇంకా ఉన్నాయి.